పెరటి ముచ్చటలు: జాలిలోని కోళ్లకు పచ్చికూర

కోళ్లను జాలి కట్టి పెంచు సోదరీమణులు కొందఱు, వంటయింట మిగిలిన ఆకుకూరలు, కాయల తొక్కలు వానికి వేయవచ్చునా, కూడదా యని మమ్ము అడుగుచున్నారు. ఒకరు, తమ అత్తగారు వలదనుచున్నారని వ్రాసిరి. మఱియొకరు, తాము మూడు నెలలుగా కోళ్లకు కూరలనే విశేషముగా వేయుచున్నామనియు, గ్రుడ్లు మాత్రము తగ్గినవనియు వ్రాసిరి. ఇరువురి మాటలోను కొంత నిజము కలదు. కావున ఈ మాసపు ముచ్చటను దీనికే కేటాయించితిమి.

మా వేములవాడలో పచ్చిమేత వేయుటలోని పుణ్యము నెఱుగనివారు లేరు. రాజన్న సన్నిధికి వచ్చు యాత్రికులు కోడెమొక్కు చెల్లింతురు. కోడెను పట్టుకొని గుడి చుట్టు త్రిప్పి కట్టివేయుదురు. పచ్చగడ్డి కొని కోడెలకు మేపి చేతులు జోడింతురు. అటుపిమ్మట బద్ది పోచమ్మకు బోనము తీసికొనిపోవునప్పుడు కొందఱి చేతిలో కోడియు నుండును. ఆ కోడి ఏమి తిని పెరిగినదని అడుగువారెవ్వరు? కోడెకు గడ్డికట్ట కొనుటకు సంశయింపని మనము, కోడికి ఆకు వేయుటకు సంశయించుచున్నాము.

మన అమ్మమ్మల కాలమున ఈ ప్రశ్నయే పుట్టలేదు. తెల్లవాఱగనే గంప ఎత్తినచో కోళ్లు పెంటదిబ్బ మీదికి, దొడ్డిలోనికి, చేనిగట్టు మీదికి పోయెడివి. లేత గడ్డికొనలు, గంగవాయిలి ఆకు, చెదలు, మిడుతలు, రోటి చుట్టు చెదరిన గింజలు, సన్నని గులకఱాళ్లు, ఏది యెంత కావలెనో అదియంతయు తామే ఏఱుకొని తినెడివి. సాయంకాలమున ఇంటి ఇల్లాలు చల్లు పిడికెడు నూకలు కోళ్లను గూటికి పిలుచుటకే గాని కడుపు నింపుటకు గాదు. ఇప్పుడు పెరడు గచ్చు అయినది. ప్రక్కనే పొరుగువారి గోడ లేచినది. వీథిలో బండ్లు తిరుగుచున్నవి. కుక్కల భయము సరేసరి. కోళ్లను జాలిలో పెట్టక తప్పదు. జాలిలోని నేలమీద పచ్చన యన్నది పదిదినములు కూడ నిలువదు; గీకి గీకి మట్టి తేల్చును. అప్పుడు ఆ కోడికి మనము వేసిన నూకలే దిక్కు. కాబట్టి జాలిలోని కోడికి పచ్చి ఆకు వేయుట ముద్దుకొఱకు చేయు పని కాదు. దానినుండి మనము తీసికొన్న దానిని కొంత తిరిగి ఇచ్చుట.

అయితే ఆకు వేసిన చాలునా? చాలదు. ఇక్కడనే రెండవ సోదరి పొరబడిరి. పెట్ట ఒక గ్రుడ్డు తయారుచేయుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. అందులో సుమారు ఇరువది గంటలు పెంకు కట్టుటకే పోవును. ఆ పెంకులో రమారమి 2 గ్రాముల కాల్షియము కలదు. గ్రుడ్లు పెట్టు కోడి మేతలో మాంసకృత్తులు నూటికి 16 పాళ్లు ఉండవలెనని పశువైద్యులు చెప్పుదురు. బియ్యపు నూకలలో అవి 7, 8 పాళ్లకు మించవు, కాల్షియము దాదాపు శూన్యము. ఇక ఆకుకూరలో నూటికి 85 నుండి 90 పాళ్లు నీరే. కీరదోసకాయలో 95 పాళ్లు నీరు. కోడి కడుపు చిన్నది. దానిని నీటితో నింపినచో గింజకు, దాణాకు చోటెక్కడ? కడుపు నిండినట్లుండును, గ్రుడ్డు మాత్రము పుట్టదు. పుట్టినను పెంకు తోలువలె మెత్తగా నుండును.

అందుచేత దినమంతటి మేతలో పదవ పాలుకు మించకుండ పచ్చికూర వేయవలెను. గ్రుడ్లు పెట్టు పెద్ద జాతి పెట్ట రోజుకు 100 నుండి 120 గ్రాముల దాణా తినును. నాటుపెట్ట ఇంకను తక్కువ. అటువంటి దానికి ఒక చిన్న పిడికెడు తఱిగిన ఆకు చాలును. ఉదయము దాణా, నీళ్లు. మధ్యాహ్నము దాటిన పిదప ఆకు. ఈ క్రమము తప్పరాదు. తెల్లవాఱుచునే ఆకు వేసినచో కోళ్లు దాణా ముఖము చూడవు. పిల్లలు అన్నము ముందర బెల్లము తిన్నట్లే.

హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకము కొఱకే వనరాజ, గ్రామప్రియ యను జాతులను తయారుచేసి ఇచ్చినది. ఇవి నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. ఎక్కువ పెట్టునది ఎక్కువ అడుగును. నాటుపెట్టకు సరిపోయిన నూకలు, తవుడు వీనికి చాలవు. కొందఱు ఈ జాతిపిల్లలను తెచ్చి, పాత అలవాటు చొప్పున పెంచి, "ఏమి వనరాజ, మా నాటుదే నయము" అని ఈసడింతురు. అది కోడి దోషము కాదు.

మేము చిన్ననాట తండ్రిగారి యొద్ద అమరము వల్లించునప్పుడు కోడికి కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము అని నాలుగు పేర్లు నేర్చుకొంటిమి. ఎఱ్ఱని జుట్టు, కూత, కాళ్ల ఆయుధము. అన్నియు పుంజు మహిమలే. క్రీడాభిరామములో ఓరుగంటి కోడిపందెము కలదు. పల్నాటి వీరుల కథలో నాగమ్మ, బ్రహ్మనాయుళ్ల కోడిపోరు కలదు. పెట్టకు ఏమి పెట్టవలెనో ఏ కవియు చెప్పిన జాడ మాకు దొరకలేదు. పోరు చూచినవారు పురుషులు, మేత వేసినవారు స్త్రీలు, వ్రాసినవారెవరో చెప్పనేల! ఒక్క చాణక్య నీతిలో మాత్రము, కోడినుండి నేర్వవలసిన నాలుగింటిలో బంధువులతో పంచుకొని తినుట యొకటి యని యున్నది. ఇది కల్పన కాదు. జాలిలో ఆకుకట్ట వేసి చూడుడు. పుంజు ముందుగా దానిని ముక్కుతో పట్టి, విడిచి, మరల పట్టి, తల ఆడించుచు ఒక విధమైన కుదురుకూత కూయును. పెట్టలు పరుగెత్తి వచ్చును. అవి తినునంతసేపు అది ప్రక్కన నిలిచి చూచుటయు కలదు. పుంజు వలన పెట్టలకు మేలని చెప్పబడుచున్న వానిలో ఇది కంటికి కనబడునది.

ఇక ఏయే ఆకులు వేయవచ్చునన్నచో, మునగాకు అన్నిటికంటె మేలు. రెమ్మ విఱిచి అట్లే వేసినను కోళ్లు ఆకు దూసికొని తినును. మాంసకృత్తులు, కాల్షియము దానిలో తక్కిన ఆకులకంటె ఎక్కువ. మునగచెట్టు లేని వీథి మన జిల్లాలలో లేదు. తోటకూర, ముల్లంగి ఆకు, కాలీఫ్లవరు ఆకు, మెంతికూర, కొత్తిమీర కాడలు, గుమ్మడి గింజలు, బీరపొట్టు, సొరకాయ లోపలి గుజ్జు, తురిమిన క్యారెట్టు, ఇవి నిశ్చింతగా వేయవచ్చును. పాలకూర, చుక్కకూర, పుంటికూర మాత్రము వారమున ఒకటి రెండు సార్లు, అదియు కొంచెము. ఈ ఆకులలోని పులుపు పదార్థము కాల్షియమును పట్టి ఒంటికి చేరకుండ చేయును. పెంకు పలుచనైన పెట్టకు పాలకూర బలమని వేయువారు ఉన్నారు. దాని వలన మేలు లేదు.

గంగవాయిలి కూర సంగతి వేఱుగ చెప్పవలెను. చేలలో, మడుల గట్లమీద దానంతట అదే మొలచు ఈ కూరను మన ప్రాంతమున పప్పులో వేసి వండుదుము. పట్టణమువారు కలుపుమొక్క యని పెఱికి పాఱవేయుదురు. 1989లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఆర్టెమిస్ సిమొపౌలస్ యను వైద్యురాలు, తన సహచరునితో కలిసి ఒక చిన్న పత్రము ప్రకటించెను. గ్రీసు దేశమున ఆరుబయట తిరిగి గంగవాయిలి మొదలగు ఆకులు, పురుగులు, గింజలు తినిన కోళ్ల గ్రుడ్లను, అమెరికా అంగళ్లలో అమ్ము గ్రుడ్లను ఆమె పరీక్షించి చూచెను. ఒమేగా-6, ఒమేగా-3 యను క్రొవ్వుల నిష్పత్తి అంగడి గ్రుడ్డులో 19.4 కాగా, గ్రీసు కోడి గ్రుడ్డులో 1.3 మాత్రమే. ఒమేగా-3 గుండెకు, పిల్లల మెదడునకు మేలు చేయునదని వైద్యులందురు. మన అమ్మమ్మలు ఇవేవియు ఎఱుగరు. వారి కోళ్లు మాత్రము దానినే తినెడివి. గంగవాయిలిలోను ఆ పులుపు కలదు గనుక దీనిని కూడ మితముగనే వేయవలెను.

గ్రుడ్డు పచ్చసొన రంగు గుఱించియు ఒక మాట. సొన ముదురు పసుపుగా ఉన్నచో బలమైన గ్రుడ్డని మనము అనుకొందుము. ఆ రంగును కోడి తన ఒంట తయారుచేసికొనలేదు. మేతలోని ఆకు, పసుపుమక్కలు, పూలరేకులనుండియే రావలెను. నూకలు మాత్రమే తినిన కోడి గ్రుడ్డు సొన వెలవెలబోయి ఉండును. అయినను రంగు ఒక్కటియే బలమునకు సాక్షి కాదు. పెద్ద కోళ్లఫారములవారు బంతిపూల సారము దాణాలో కలిపి సొనకు రంగు తెప్పింతురు. మన యింట బంతి రేకులే చాలును. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడవ దినముననే ఆడుదుము. తక్కిన ఊళ్లలో తొమ్మిదవ దినమున. ఆ వారము ఇంటింట బంతి, గునుగు, తంగేడు కుప్పలు పడియుండును. పేర్చగా మిగిలిన పెరటి బంతి రేకులు విడదీసి కోళ్లకు వేయవచ్చును. అంగడిలో కొన్న పూలను వేయవలదు. వానిమీద ఏ మందు చల్లిరో తెలియదు.

మందుల విషయమున ఇంకొక జాగ్రత్త కలదు. క్యాబేజీ కోయునప్పుడు మనము తినక తీసివేయునవి పైయాకులు. కోళ్లకు వేయునవియు అవియే. చల్లిన మందు ముందుగ పడునది వానిమీదనే. కొన్ని మందుల శేషము కోడి ఒంటినుండి గ్రుడ్డులోనికి చేరును. ఆ గ్రుడ్డు మరల మన పిల్లల విస్తరిలోనికే వచ్చును. కావున అన్నిటికంటె పై రెండు ఆకులు పాఱవేసి, తక్కినవి ఉప్పునీళ్లలో కొంతసేపు నానవేసి, మంచినీళ్లతో రెండు మాఱులు కడిగిన పిదపనే జాలిలో వేయవలెను. పెరటిలో రెండు మడులు తోటకూర చల్లుకొన్నవారికి ఈ బాధయే లేదు.

ఆకులను నేలమీద పాఱవేయరాదు. త్రొక్కి, రెట్టలో కలిపి, సగము పాడుచేయును. తోటకూర కట్టను కాడల వైపున దారముతో కట్టి, కోడి తలకు కొంచెము ఎత్తున జాలికి వ్రేలాడదీయుడు. కొంచెము మెడ చాచి లాగికొని తినును, పని దొరకును. ఈ పని దొరకుట చిన్న సంగతి కాదు. మా వీథిలో ఒక పెద్దమ్మకు ఎనిమిది పెట్టలు కలవు. కోడిగ్రుడ్ల డబ్బు మన పల్లెలలో ఆడుదాని చేతిడబ్బు. దానిని మగవారు లెక్క అడుగరు. ఆమె మందులు, మనుమరాలి పుస్తకములు ఆ డబ్బుతోనే గడచుచున్నవి. కొడుకు ఇల్లు పెంచినప్పుడు కోళ్లు జాలిలో పడినవి. రెండు నెలలలో ఒకదానినొకటి పొడిచికొని తోకల యొద్ద ఈకలు లేకుండ చేసికొన్నవి. గ్రుడ్డు పెంకులు వ్రేలితో నొక్కిన సొట్టపడెడివి. "కోళ్లకు దృష్టి తగిలినది, అమ్మివేయుదును" అని ఆమె నిశ్చయించుకొనెను. కోడలు మాత్రము పశువైద్యశాలకు పోయి అడిగి వచ్చెను. తవుడు నూకలతోబాటు గ్రుడ్లకోళ్ల దాణా సగము కలిపిరి. ఆల్చిప్పల గుండ వేఱొక మూకుడులో పెట్టిరి. దినమునకొక ఆకుకట్ట వ్రేలాడదీసిరి. జాలి ఒక మూల బూడిద, మన్ను కలిపి పోసిరి. నెల తిరుగకముందే పొడుచుట తగ్గినది. ఇరుకున పడిన కోడి తోచక పొడుచును. దానికి ముక్కుతో చేయుటకు ఏదో యొక పని కావలెను. పెద్దమ్మ ఇప్పటికిని దృష్టి తీసిన మిరపకాయల వలననే కుదిరినదని చెప్పుచున్నది. కోడలు నవ్వి ఊరకుండును. అత్తకోడండ్ర సంగతి మనకేల? పెట్టలు ఎనిమిదియు ఆ జాలిలోనే ఉన్నవి.

ఆల్చిప్పల గుండ దొరకనివారు, ఇంట వాడిన గ్రుడ్డు పెంకులను కడిగి, పెనముమీద వేడిచేసి, నలిపి పెట్టవచ్చును. పెంకు విశేషముగ కట్టునది రాత్రివేళ గనుక సాయంకాలమున దానిని కోళ్లకు అందుబాటులో ఉంచుట మఱవరాదు. కోడికి పండ్లు లేవు. తిన్న దానిని కందనకాయలోని గులకఱాళ్లే నూఱవలెను. జాలిలోని మట్టిలో అవి అయిపోవును గనుక వాగు ఇసుక గరుకుది ఒక గుప్పెడు వేయుచుండవలెను. పొడుగాటి గడ్డిపోచలు, ముదురు కాడలు తఱుగక వేసినచో మెడక్రింది మేతసంచిలో చుట్టుకొని అడ్డుపడును. ఆకు లేతదైన కట్టి వ్రేలాడదీయవచ్చును, ముదురుదైన సన్నగ తఱిగియే వేయవలెను.

వేయరానివి కొన్ని కలవు. ఆకుపచ్చ తిరిగిన బంగాళాదుంప, దాని మొలకలు, టమాటా ఆకులు విషమునకు దగ్గఱివి. రాజ్మా, చిక్కుడు గింజల వంటివి ఉడికింపక వేయరాదు. ఉల్లిపాయ తొక్కలు కుప్పగా వేసినచో రక్తము క్షీణించును. ఇప్పుడు పట్టణములలో అమ్ముచున్న అవకాడో యను వెన్నపండు, దాని తొక్క, టెంక పక్షులకు ప్రాణాంతకము. నిన్నటి పచ్చడి, ఉప్పు పడిన కూర, అప్పడములు కోడికి వలదు. దాని చిన్న ఒంటికి మన ఉప్పు చాల ఎక్కువ. వీనన్నిటికంటె భయంకరమైనది బూజు. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా సీమకోళ్లు కారణము తెలియక చచ్చినవి. తుదకు బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ పిండిలోని బూజువిషమే కారణమని తేలెను; అఫ్లాటాక్సిను అను పేరు ఆ పిదపనే పుట్టినది. మన కరీంనగరు ప్రాంతమున మక్కలు విస్తారము. వానకు తడిసి బూజుపట్టిన కంకులను "కోళ్లకు వేయుదములే" అని ప్రక్కన పెట్టుట మేము పలు ఇండ్లలో చూచుచున్నాము. మనము తినరాదని తీసివేసిన బూజుగింజ కోడియు తినరాదు.

ఎండకాలమున మన జిల్లాలలో వేడి 45 డిగ్రీలు దాటుట కలదు. కోడికి చెమట పట్టదు. నోరు తెఱచి రొప్పుటయే దాని ఉపాయము. అట్టి మధ్యాహ్నములలో చల్లని కీరదోస ముక్కలు, పుచ్చకాయ చెక్కలు లోపలి ఎఱుపు కొంత ఉంచి వేసినచో నీరు ఒంటికి చేరును. ఆ నెలలలో మాత్రము పదవ పాలు నియమమును కొంచెము సడలింపవచ్చునని మా అభిప్రాయము. ఎండలకు ఆకుకూర కరవైనప్పుడు తొట్టిలో అజోల్లా పెంచుకొనువారున్నారు. నీటిమీద తేలు ఈ చిన్న మొక్కకు నీడ, కొంచెము పేడనీరు చాలును, మాంసకృత్తులును కలవు. మొదట వాసనకు కోళ్లు తినవు; బాగుగ కడిగి దాణాతో కలిపి అలవాటు చేయవలెను.

పిల్లలకు తొలి మూడు నాలుగు వారములు దాణా తప్ప ఆకు వలదు. ఆ తరువాత తల్లిపెట్ట ఎంత చూపిన అంత.

అడిగిన అత్తగారికి మా మనవి: ఆకు తిన్న కోడికి విరేచనములగునని మీరు భయపడుట నిజమే, ఒక్కసారిగ ఎక్కువ వేసిన అగును. అలవాటు లేని కోళ్లకు మొదటి వారము దినము విడిచి దినము నాలుగు ఆకులు వేసి చూడుడు. రెట్ట నీళ్లవలె ఉన్నచో రెండు దినములు ఆపుడు.

జాలిలో పని ముగిసిన పిదప చేతులు సబ్బుతో కడుగవలెను. ఆకు వేయుటకు ఉత్సాహపడు పిల్లల చేత తప్పక కడిగింపవలెను, రెట్టలో కడుపుజబ్బుల క్రిములు ఉండును. దీపము వెలిగించువేళకు మిగిలిన ముక్కలన్నియు ఎత్తి ఎరువుగుంటలో వేయుడు. రాత్రి జాలిలో ఉండిపోయిన దోసగింజకు ఎలుక వచ్చును. ఎలుక వెంబడి పాము వచ్చును.